మెరాక్: కుతూహలాన్ని కొలిచే ప్రశ్నలు టర్కిష్‌లోకి వెళ్ళినప్పుడు

(మనస్తత్వశాస్త్ర విద్యార్థుల కోసం ఇచ్చిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోంది కదా? సరే.

ముందు రెండు వాక్యాలు చెప్తాను. జవాబు పైకి చెప్పొద్దు, మనసులోనే అనుకోండి. మొదటిది: రైల్లో వెళ్తున్నప్పుడు పక్కవాళ్ళు మాట్లాడుకునేది వినడం నాకు ఇష్టం. అవునా, కాదా? రెండోది: అప్పుడప్పుడూ కిటికీ దగ్గర నిలబడి ఇరుగుపొరుగువాళ్ళు ఏం చేస్తున్నారో చూస్తుంటాను. అవునా, కాదా?

నేనిక్కణ్ణుంచి మీ ముఖాలు చూస్తున్నాను. మొదటిదానికి చాలామంది నవ్వారు. రెండోదానికి ఆ నవ్వు ఆగిపోయింది. ఎందుకు ఆగింది? రెండూ ఒకే పని కదా, ఒకటి చెవితో చేసేది, ఇంకోటి కంటితో చేసేది. అయినా ఒకటి ఒప్పుకోవడానికి ఇబ్బంది లేదు, ఇంకోటి ఒప్పుకోవడానికి మొహమాటం. ఆ మొహమాటం జర్మనీలో ఒకచోట మొదలవుతుంది, టర్కీలో ఇంకోచోట మొదలవుతుంది, మన దగ్గర మరోచోట. అది ఎక్కడ మొదలవుతుందో పట్టుకోకుండా ప్రశ్నపత్రాన్ని ఒక భాషలోంచి ఇంకో భాషలోకి తీసుకెళ్తే ఏమవుతుందన్నదే ఇవాళ్టి నా మాట.

ఈ రెండు వాక్యాలూ నేను కల్పించినవి కావు. బ్రిట్టా రెన్నర్ అని జర్మనీలో ఒక మనస్తత్వ శాస్త్రవేత్త ఉన్నారు, కాన్‌స్టంజ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. ఆవిడ 2006లో సోషల్ క్యూరియాసిటీ స్కేల్ అని ఒకటి ప్రచురించారు. సాటి మనుషుల గురించి తెలుసుకోవాలన్న కుతూహలం మనలో ఎంతుందో కొలిచే స్కేలు. పది వాక్యాలు, అంతే. ఇందాక చెప్పినవి వాటిలో రెండింటి సారం, నా మాటల్లో.

ఆ పది వాక్యాలూ రెండు పాయలు. ఒక ఐదు బాహాటమైనవి. కొత్తవాళ్ళు పరిచయమైతే వాళ్ళ గురించి ఇంకా తెలుసుకోవాలనిపిస్తుంది, మనుషులు ఎందుకు ఎలా ప్రవర్తిస్తారో తెలుసుకోవడం ఇష్టం, ఇలాంటివి. దీన్ని సాధారణ సామాజిక కుతూహలం అన్నారు. మిగతా ఐదు చాటుమాటువి. రైల్లో మాటలు, కిటికీ, దీపం వెలుగుతున్న ఎదుటి ఇంటి లోపల ఏముందో చూడాలనిపించడం. ఇది చాటు కుతూహలం. మనిషి మీద ఆసక్తి రెండింట్లోనూ ఉంది. కానీ ఒకటి ఎదురుగా వచ్చి అడుగుతుంది, ఇంకోటి కనపడకుండా తెలుసుకుంటుంది.

నాకు ఈ స్కేలు మీద ఇష్టం ఎందుకంటే, కుతూహలం గురించి మన శాస్త్రం చాలాకాలం వస్తువుల గురించే మాట్లాడింది. బెర్లైన్ 1954లో కుతూహలాన్ని ఇంద్రియాలకు సంబంధించినది, జ్ఞానానికి సంబంధించినది అని విడదీశాడు. లోవెన్‌స్టీన్ 1994లో, తెలిసినదానికీ తెలుసుకోవాలనుకున్నదానికీ మధ్య ఖాళీ కనపడితే మనసు ఊరుకోదు అన్నాడు. రెండూ గొప్ప మాటలే. కానీ పొద్దున లేచింది మొదలు మనం ఎక్కువ ఆలోచించేది దేని గురించండీ? పక్కమనిషి గురించి కదా! ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు, ఆ అబ్బాయి ఎందుకు ముభావంగా ఉన్నాడు, ఈవిడ ఎందుకు ఊరెళ్ళిపోయింది. ఆ కుతూహలం కోసమే తయారైన స్కేలు రెన్నర్‌ది. తర్వాత కష్‌డన్ బృందం 2018లో కుతూహలాన్ని ఐదు కోణాల్లో కొలిచే స్కేలు తెచ్చారు, అందులో సామాజిక కుతూహలం ఒక కోణం. 2020లో దాన్ని సవరించినప్పుడు ఆ ఒక్క కోణాన్నే బాహాటం, చాటు అని రెండు చేశారు. అంటే రెన్నర్ చూసిన పాయలనే వాళ్ళూ చూశారు.

ఇక టర్కీకి వద్దాం. నేను కొన్నేళ్ళు అంకారాలో ఉన్నాను. అక్కడ భాష నేర్చుకున్నాను. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను. మీలో ఎవరికైనా టర్కిష్ నేర్చుకోవాలని ఉంటే భయపడకండి, తెలుగు వచ్చినవాళ్ళకి దాని నడక కొత్తగా ఉండదు. మన భాషకీ దానికీ చుట్టరికం లేదు. కానీ క్రియ చివర వస్తుంది, ప్రత్యయం వెనక ప్రత్యయం అతుక్కుంటుంది. ఎవ్ అంటే ఇల్లు, ఎవ్‌లెర్ ఇళ్ళు, ఎవ్‌లెరిమిజ్ మన ఇళ్ళు, ఎవ్‌లెరిమిజ్‌దెన్ మన ఇళ్ళనుంచి. మనం పుస్తకం గిస్తకం అంటామా, వాళ్ళు కితాప్ మితాప్ అంటారు. పలకరింపు కూడా వినండి. నె హబెర్? అంటారు. హబెర్ అంటే వార్త. ఉర్దూలో ఖబర్. మన కబురు అదే. ఏంటి కబుర్లు అని మనం పలకరించినట్టే వాళ్ళూ ఏం కబురు అనే పలకరిస్తారు.

స్కేలును టర్కిష్‌లో ఓల్చెక్ అంటారు. ధాన్యం కొలిచే పాత్రకి కూడా పాతకాలంలో అదే పేరు, మన కుంచం లాంటిది. అనువాదాన్ని చెవిరి అంటారు, తిప్పడం అనే క్రియలోంచి వచ్చింది. కానీ స్కేలును ఇంకో భాషలోకి తేవడాన్ని చెవిరి అనరు, ఉయర్లామా అంటారు. ఉయ్ అంటే సరిపోవడం, అమరడం. సరిపోయేలా చేయడం అన్నమాట. తిప్పడం వేరు, అమర్చడం వేరు. మన దగ్గర కూడా అనువాదం, అనుసరణ అని రెండు మాటలున్నాయి. కానీ ప్రశ్నపత్రాల దగ్గరికొచ్చేసరికి మనం చాలాసార్లు మొదటిది చేసి రెండోది చేశాం అనుకుంటాం.

ఈ అనుభవం వాళ్ళకి పాతదే. బినే, సిమోన్‌ల తెలివితేటల పరీక్షను ఇబ్రహీం అలాయెద్దిన్ గొవ్సా 1915లోనే టర్కిష్‌లోకి తెచ్చాడు. అప్పుడు రాసింది అరబ్బీ లిపిలో. 1928లో లిపి మారింది, లాటిన్ అక్షరాలొచ్చాయి. 1932లో టర్కిష్ భాషా సంస్థ ఏర్పడి అరబ్బీ, పారసీ మాటల్ని తీసేసి టర్కిష్ మాటలు పెట్టడం మొదలుపెట్టింది. ఒక్క తరంలో భాష అంత మారిన చోట, ప్రతి మాటకీ వయసు ఉంటుంది. ఫలానా మాట తాతకు తెలుసు, మనవడికి తెలియదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఇప్పుడు అసలు మాట. స్కేలు పేరులో ఉన్న మాట. కుతూహలం.

జర్మన్‌లో కుతూహలాన్ని నోయ్‌గీర్ అంటారు. నోయ్ అంటే కొత్త, గీర్ అంటే ఆబ. కొత్తదాని కోసం ఆబ! ఆ మాటలోనే ఆకలి ఉంది. టర్కిష్‌లో ఏమంటారు? మెరాక్. అరబ్బీ నుంచి వచ్చిన మాట. ఈ స్కేలు పేరు టర్కిష్‌లో సొస్యాల్ మెరాక్ ఓల్చెయి అవుతుంది. వేరే మాట వాడటానికి వీల్లేదు, ఎవర్నడిగినా ఇదే చెప్తారు. నిఘంటువు ప్రకారం కుతూహలం అంటే మెరాక్, మెరాక్ అంటే కుతూహలం. పని అయిపోయింది కదా?

అయిపోలేదు. నేను అంకారా వెళ్ళిన కొత్తలో ఒకరోజు ఇంటికి బాగా ఆలస్యంగా వచ్చాను. మెట్లెక్కుతుంటే మా కింది ఇంటావిడ తలుపు తీసుకుని నిలబడి ఉంది. పెద్దావిడ. అక్కడ పెద్ద వయసు ఆడవాళ్ళని తెయ్‌జె అని పిలుస్తారు, అమ్మ చెల్లెలో అక్కో అయితే ఏమని పిలుస్తారో అదే. మనం పిన్నిగారూ అన్నట్టు. ఆవిడ నన్ను చూసి, మెరాక్ ఎత్తిమ్, కిజిమ్ అంది. కిజిమ్ అంటే నా బిడ్డా అని. మెరాక్ ఎత్తిమ్ అంటే? నేను క్లాసులో నేర్చుకున్న అర్థం ప్రకారం, కుతూహలపడ్డాను అని. నాకు ఒళ్ళు మండింది. నేను ఎన్నింటికి వస్తే ఈవిడకెందుకు కుతూహలం అనుకున్నాను. ముక్తసరిగా జవాబు చెప్పి పైకి వెళ్ళిపోయాను.

మర్నాడు ఆఫీసులో ఒకమ్మాయితో ఈ సంగతి చెప్పుకుని బాధపడ్డాను. ఆ అమ్మాయి నన్ను వింతగా చూసింది. నీకోసం కంగారు పడ్డానని ఆవిడ నీతో చెప్పింది, అంతే, అంది. మెరాక్ ఎత్తిమ్ అంటే కుతూహలపడ్డాను అనీ అవుతుంది, బెంగపడ్డాను అనీ అవుతుంది. మెరాక్ ఎత్మె అంటే కంగారు పడకు అని. ఆ మాట అక్కడ రోజుకి పదిసార్లు వినపడుతుంది. బస్సు వస్తుంది, మెరాక్ ఎత్మె. పిల్లాడికి తగ్గిపోతుంది, మెరాక్ ఎత్మె. అదే మాటకి మూడో అర్థం కూడా ఉంది, మోజు. పూలమొక్కలంటే ప్రాణం పెట్టేవాణ్ణి చిచెక్ మెరాక్లిసి అంటారు. ఇక మెరాక్లి అని ఊరికే అంటే, సందర్భాన్ని బట్టి, తెలుసుకోవాలనే తపన ఉన్నవాడు అని మెచ్చుకోలు కావచ్చు, ప్రతిదాంట్లో వేలు పెట్టేవాడు అని తిట్టు కావచ్చు.

ఇప్పుడు ఆలోచించండి. కొత్తవాళ్ళ గురించి నాకు మెరాక్ కలుగుతుంది అని వాక్యం రాశారు. దానికి ఒకామె అవును అని టిక్కు పెట్టింది. ఏ మెరాక్‌కి పెట్టింది? తెలుసుకోవాలన్న ఆసక్తికా, ఆ మనిషి ఎలా ఉన్నాడో ఏమో అన్న బెంగకా? మన భాషలో ఈ రెండూ విడివిడిగా ఉన్నాయి. కుతూహలం వేరు, కంగారు వేరు, బెంగ వేరు. అందువల్ల మనకి ఆ రెండూ ఎంత దగ్గరివో కనపడదు. టర్కిష్‌లో అవి ఒకే మాటలో ఉన్నాయి. నిజానికి మన ఇళ్ళల్లో కూడా ఉన్నాయి. బాగోగులు కనుక్కోవడం అంటామే, అందులో ఎంత కుతూహలం, ఎంత బెంగ? ఎవరైనా విడదీసి చెప్పగలరా?

దీని తర్వాత మీరు పాఠ్యపుస్తకంలో చదివిన ఒక పద్ధతి గురించి అడగాలి. తిరిగి అనువాదం. బ్రిస్లిన్ 1970లో రాసింది, ఇప్పటికీ అందరం వాడేది. ఇంగ్లిష్ వాక్యాన్ని ఒకరు టర్కిష్‌లోకి మారుస్తారు. అసలు వాక్యం చూడని ఇంకొకరు దాన్ని మళ్ళీ ఇంగ్లిష్‌లోకి మారుస్తారు. రెండు ఇంగ్లిష్ వాక్యాలూ కలిస్తే అనువాదం బాగుందని లెక్క. మెరాక్ సంగతి ఇందులో పట్టుబడుతుందా? పట్టుబడదండీ! కొత్తవాళ్ళ గురించి మెరాక్ అని ఉన్న వాక్యాన్ని తిరిగి మార్చేవాడు సందర్భం చూసి చక్కగా కుతూహలం అనే రాస్తాడు. వాక్యం ఇంటికి క్షేమంగా వచ్చేస్తుంది. మధ్యలో దాంతోపాటు నడిచిన బెంగ దారిలోనే ఆగిపోతుంది, మన కంటపడదు. ఆ పద్ధతి చెడ్డదని నేను అనడం లేదు. తప్పులు పట్టడానికి అది కావాలి. తప్పు కానిదాన్ని, ఎక్కువైన అర్థాన్ని, అది పట్టలేదు. అదొక్కటే నేను చెప్పేది.

ఇక రైలు వాక్యం. పక్కవాళ్ళ మాటలు వినడం. దీనికి టర్కిష్‌లో నాకు ప్రాణమైన ఒక పలుకుబడి ఉంది. కులక్ మిసాఫిరి. కులక్ అంటే చెవి. మిసాఫిర్ ఎవరో హైదరాబాదువాళ్ళకి చెప్పనక్కర్లేదు, ముసాఫిర్. ఉర్దూలో బాటసారి. టర్కిష్‌లో ఆ బాటసారి ఇంటికొచ్చేశాడు, అతిథి అయ్యాడు. కులక్ మిసాఫిరి అంటే చెవి అతిథి. ఇతరుల మాటలు అనుకోకుండా చెవిన పడ్డవాడు చెవి అతిథి! మీ మాటలకు చెవి అతిథినయ్యాను, ఏమీ అనుకోకండి, నాక్కూడా ఆ ఊరు తెలుసు అని సంభాషణలోకి వచ్చేస్తారు. అతిథిని ఎవరు గెంటేస్తారు చెప్పండి?

ఎంత అందంగా ఉందీ మాట! అనువదించే మనిషికి చేయి ఊరుకోదు, పెట్టేయాలనిపిస్తుంది. పెడితే ఏమవుతుంది? రైల్లో చెవి అతిథినవుతుంటాను అంటే అందరూ అవును అంటారు. అందులో తప్పేముంది, చెవులున్నాయి కాబట్టి పడ్డాయి. పోనీ అని గిజ్లిజె దిన్లెమెక్ అని రాస్తే? అది రహస్యంగా వినడం. అందరూ కాదు అంటారు. మొదటి వాక్యానికి అందరూ అవును, రెండోదానికి అందరూ కాదు. రెండు వాక్యాలూ చచ్చినట్టే. ఎందుకు? స్కేలు బతికేది మనిషికీ మనిషికీ తేడా వల్ల. అందరూ ఒకే గడిలో టిక్కు పెడితే ఆ వాక్యం మనకి ఏమీ చెప్పదు. మధ్యలో ఇంకోటుంది, కులక్ కబర్త్‌మక్. చెవిని ఉబ్బించడం. మన చెవులు రిక్కించడం అచ్చంగా అదే. అందులో కొంచెం ఉద్దేశం ఉంది, కానీ దొంగతనం లేదు. చెవిన పడటం, చెవులు రిక్కించడం, చాటుగా వినడం. తెలుగులో కూడా మెట్లు ఇవే మూడు. జర్మన్ వాక్యం ఏ మెట్టు మీద నిలబడిందో చూసి టర్కిష్ వాక్యాన్ని అదే మెట్టు మీద నిలబెట్టాలి. అర్థం కలవడం ఒక్కటే చాలదు. ఒప్పుకోవడంలో ఉన్న కష్టం కూడా కలవాలి.

ఒప్పుకోవడంలో కష్టం అంటే ఒక్కమాట. చాటుగా ఆరా తీయడానికి టర్కిష్‌లో పాత మాట తెజెస్సుస్. అరబ్బీ మాట. మనకి తెలిసిన జాసూస్ ఉందే, గూఢచారి, అదీ ఇదీ ఒకే ధాతువు. ఖురాన్‌లో 49వ సూరా, 12వ ఆయత్‌లో ఈ మాటే ఉంది: ఒకరి గుట్టు ఒకరు ఆరా తీయొద్దు, వీపు వెనక మాట్లాడుకోవద్దు అని. నేటి కుర్రాళ్ళు తెజెస్సుస్ అనే మాట వాడరు, ఇందాక చెప్పాను కదా, మాటకి వయసుంటుందని. ఇరవై ఏళ్ళ విద్యార్థికి ఆ మాట పాత పుస్తకం వాసన వేస్తుంది. కానీ మాట పోయినా దాని వెనకున్న తప్పు అన్న భావం చాలా ఇళ్ళల్లో ఉంది. అన్ని ఇళ్ళల్లో ఒకేలా లేదు. ఇస్తాంబుల్‌లోనే ఒక వీధికీ ఇంకో వీధికీ తేడా ఉంటుంది. అప్పుడు చాటు కుతూహలానికి తక్కువ మార్కులు వేసుకున్న మనిషికి కుతూహలం తక్కువా, తప్పు చేస్తున్నానన్న భయం ఎక్కువా? ఐదు వాక్యాల మొత్తం చూసి ఎలా చెప్తారు?

ఇంకో వాక్యం. దీపం వెలుగుతున్న కిటికీలు. ఉత్తర యూరప్‌లో చాలా ఊళ్ళల్లో రాత్రిపూట తెరలు పూర్తిగా వేసుకోరు, వీధిలో నడుస్తుంటే లోపలి గది కనపడుతుంది. టర్కీలో దాదాపు ప్రతి కిటికీకీ తుల్ పెర్దె ఉంటుంది, పల్చని వల తెర. పెర్దె అంటే మన పరదానే. పగటిపూట దాని వెనక నిలబడితే వీధి మీకు కనపడుతుంది, వీధికి మీరు కనపడరు. రాత్రి దీపం వెలిగాక చాలా ఇళ్ళల్లో మందపాటి తెర కూడా లాగేస్తారు. అంటే కిటికీ దగ్గర నిలబడి చూడటం అనే వాక్యం టర్కీలో హాయిగా బతుకుతుంది. ఎదుటి ఇంటి లోపలికి చూడటం అనే వాక్యానికి మాత్రం అక్కడ చోటు తక్కువ. భాష తప్పేమీ లేదు. వాక్యం చక్కటి టర్కిష్‌లోనే ఉంది. తేడా ఆ గుడ్డలో ఉంది.

ఇక్కడ ఒక పిట్టకథ చెప్పకుండా ఉండలేను, క్షమించండి. టర్కిష్‌లో ఒక విషయం మీరు కళ్ళారా చూశారా, విన్నారా అన్నది క్రియలోనే చెప్పాలి. గెల్దీ అంటే వచ్చాడు, నేను చూశాను. గెల్మిష్ అంటే వచ్చాడట. మన అట! వెళ్ళిందట, అమ్మేశారట, గొడవైందట. పుకారును దెదికొదు అంటారు, దెది అంటే అన్నాడు. కబుర్లు చెప్పుకునేటప్పుడు ఆ మిష్, మిష్ వినపడుతూనే ఉంటుంది. మనకూ ట, ట వినపడినట్టు. అలాగని భాషలో అట ఉంది కాబట్టి ఆ జనానికి పక్కవాళ్ళ గురించి కుతూహలం ఎక్కువ అని మాత్రం రాసుకోకండి, అది పొరపాటు. ఇంకో పొరపాటు కూడా చేయొద్దు, పుకార్లూ కుతూహలమూ ఒకటే అనుకోవద్దు. హార్టుంగ్, రెన్నర్ కలిసి 2013లో జర్మనీలో ఇదే చూశారు. రెండింటికీ సంబంధం ఉంది, కానీ పుకార్లు చెప్పుకోవడాన్ని ఎక్కువగా నడిపేది కాలక్షేపం. సామాజిక కుతూహలాన్ని నడిపేది ఎదుటివాళ్ళు ఏమనుకుంటున్నారో, ఎలా ఉన్నారో తెలుసుకోవాలన్న ఆసక్తి, వాళ్ళలో ఒకరిగా ఉండాలన్న కోరిక.

సరే, లెక్కల సంగతి. ఇది త్వరగా చెప్పేస్తాను, మీకు తరగతిలో ఉన్నదే. టర్కీలో స్కేలు అనుసరణ అంటే ఒక వరస ఉంటుంది. అసలు రచయిత అనుమతి, నైతిక సమితి అనుమతి. ఇద్దరు ముగ్గురు అనువాదకులు, నిపుణుల పరిశీలన. రెండు భాషలూ బాగా వచ్చినవాళ్ళకి, తరచు ఇంగ్లిష్ శాఖ విద్యార్థులకి, కొన్ని వారాల తేడాతో రెండు రూపాలూ ఇచ్చి మార్కులు కలుస్తున్నాయా అని చూస్తారు. తర్వాత కొన్ని వందల మందికి ఇచ్చి కారకాల విశ్లేషణ, అంటే ఏ వాక్యాలు కలిసి పెరుగుతున్నాయి, కలిసి తగ్గుతున్నాయి అని. మొత్తం మార్కుల్లో పైన ఉన్న 27 శాతం మందినీ, కింద ఉన్న 27 శాతం మందినీ తీసుకుని ప్రతి వాక్యం వాళ్ళని విడదీస్తోందా అని చూస్తారు. ఆ 27 అనే అంకె కెల్లీ 1939లో చెప్పింది. అక్కడి పరిశోధన పత్రాల్లో ఇది తరచు కనపడుతుంది. ఆఖర్న క్రాన్‌బాక్ ఆల్ఫా, అంటే వాక్యాలు ఒకదానితో ఒకటి ఎంత కలుస్తున్నాయో చెప్పే అంకె. 0.70 దాటిందా? దాటింది. స్కేలు టర్కిష్‌లో నమ్మదగినది అని ఒక వాక్యం రాస్తారు.

ఆగండి. ఆల్ఫా ఏం చెప్పింది? ఐదు వాక్యాలూ ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తున్నాయని చెప్పింది. ఎటు నడుస్తున్నాయో చెప్పిందా? ఐదు వాక్యాలూ ఒకే సిగ్గును తాకితే, ఆ సిగ్గు ఉన్నవాళ్ళు ఐదింటికీ కాదు అంటారు, లేనివాళ్ళు ఐదింటికీ అవును అంటారు. ఆల్ఫా బ్రహ్మాండంగా వస్తుంది. కానీ మీరు కొలిచింది సిగ్గు. ఐదూ బెంగను తాకితే బెంగను కొలిచినట్టు. అప్పుడూ ఆల్ఫా బాగానే ఉంటుంది. కుంచంలో పోసింది వడ్లా ఊకా అన్నది కుంచం చెప్పదు.

జర్మన్ల సగటు ఇంత, టర్కుల సగటు ఇంత, కాబట్టి టర్కులకి కుతూహలం ఎక్కువ అని రాయాలంటే ఇంకా పెద్ద పని ఉంది. రెండు చోట్లా వాక్యాల అమరిక ఒకటేనా, ప్రతి వాక్యం బరువు ఒకటేనా, ప్రతి వాక్యానికి అవును అనడం మొదలయ్యే చోటు ఒకటేనా, ఈ మూడూ చూడాలి. మూడోది నిలబడకపోతే సగటులు పోల్చకూడదు. కిటికీ వాక్యానికి టర్కీలో అవును అనడం తేలికైతే, అది తేలిక అవ్వడం వల్ల వచ్చిన మార్కుల్ని కుతూహలం కింద రాసేస్తాం. పేపర్ల శీర్షికల్లో ఫలానా దేశస్థులు ఎక్కువ, ఫలానా దేశస్థులు తక్కువ అని చూసినప్పుడల్లా నాకు ఈ మూడో మెట్టే గుర్తొస్తుంది. నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ ఒక జనం గురించి ఒక మాట అనేస్తున్నాం.

చీదెమ్ కాయత్‌చిబాషి అని టర్కీలో గొప్ప మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవారు. 2017లో పోయారు. ఆవిడ జీవితమంతా ఒక విషయం మీద పనిచేశారు. ఊళ్ళు పట్నాలయ్యాక, చదువులు పెరిగాక, మనుషులు ఒకరిమీద ఒకరు ఆధారపడటం మొత్తం పోతుందని అప్పటి సిద్ధాంతాలు అనేవి. ఆవిడ చూసింది వేరు. డబ్బు కోసం ఆధారపడటం తగ్గుతుంది, మనసు దగ్గరితనం అలాగే ఉంటుంది. స్వతంత్రంగా ఉంటూనే దగ్గరగా ఉండే మనిషి ఉంటాడు అన్నారు. నేను దీన్ని మన విషయానికి ఇలా తీసుకుంటాను. మీదేవూరు, పిల్లలెంతమంది, ఏం చేస్తుంటారు అని బస్సులో అడగడం అక్కడ పాతకాలపు అలవాటుగా పోయేది కాదు. నెరెలిసిన్, ఎక్కడివాడివి అన్నది టర్కీలో పరిచయంలో తొలి ప్రశ్నల్లో ఒకటి. మనకిలాగే. దాన్ని చాటు కుతూహలం అనలేం, ఎదురుగానే అడిగారు కదా. అలాగని రెన్నర్ చెప్పిన బాహాటమైన ఆసక్తి కిందికి అచ్చంగా వస్తుందా? అడగడం మర్యాద అయినచోట, అడిగినవాళ్ళందరికీ ఆసక్తి ఉందని ఎలా అంటాం? ఆసక్తి ఉన్నా లేకపోయినా అడుగుతారు. అడగకపోతే అమర్యాద.

ఫోన్ల గురించి అడుగుతారని తెలుసు, ముందే చెప్పేస్తాను. 2006 నాటి వాక్యాల్లో కిటికీ ఉంది, రైలు ఉంది, ఫోను లేదు. ఇప్పుడు టర్కీ కుర్రాళ్ళకి స్టాక్‌లమక్ అనే క్రియ ఉంది. ఇంగ్లిష్ స్టాక్‌కి టర్కిష్ తోక తగిలించారు. ఒకరి ఇన్‌స్టాగ్రామ్‌ని కింద దాకా తిప్పితిప్పి చూడటం. ఇవాళ చాటు కుతూహలం ఎక్కువగా బతికేది అక్కడే. మరి కిటికీ వాక్యం తీసేసి ఫోను వాక్యం పెడదామా? పెడితే అది టర్కీ కుర్రాళ్ళకి బాగా అమరుతుంది, జర్మన్ స్కేలుతో పోలిక తెగిపోతుంది. పెట్టకపోతే పోలిక నిలుస్తుంది, మెట్రోలో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న పిల్లని పక్కవాళ్ళ మాటలు వింటావా అని అడుగుతాం. నా అభిప్రాయం అడిగితే, పాత పది వాక్యాలూ ఉంచి, కొత్తవి పక్కన విడిగా చేర్చి రెండూ ఇవ్వాలి. మార్కులు కలిపేయకూడదు. దీనికి ఒప్పుకోనివాళ్ళు ఉన్నారు, వాళ్ళ వాదనలో బలం ఉంది, ప్రశ్నపత్రం పొడుగైతే జనం విసుక్కుని ఏదో ఒక గడిలో టిక్కు పెట్టేస్తారని.

నేను గట్టిగా పట్టుబట్టేది ఒక్కదాని గురించి. కొన్ని వందల మందికి ఇచ్చేముందు పదిమందితో కూర్చోండి. పదిమంది చాలు. వాక్యం చదవమనండి, టిక్కు పెట్టమనండి, తర్వాత అడగండి: ఇది చదివినప్పుడు నీకు ఎవరు గుర్తొచ్చారు, ఏం గుర్తొచ్చింది అని. విద్యార్థులతోనే కూర్చోవద్దు. దుకాణంలో పనిచేసే మనిషితో కూర్చోండి, ఇంట్లో ఉండే పెద్దావిడతో కూర్చోండి. అంతర్జాతీయ పరీక్షల సంఘం మార్గదర్శకాల రెండో కూర్పులో 18 సూచనలున్నాయి, అందులో కూడా చిన్న పైలట్ అధ్యయనం చేయమనే ఉంది. కానీ అందరూ తొందరలో దాటేసేది అదే.

అంకారా వదిలి వచ్చేముందు మా కింది ఇంటి తెయ్‌జెతో నేను ఆ పని చేశాను. ఏ అధ్యయనం కోసమూ కాదు, నాకోసం. ఆవిడ టీ పెట్టింది. నేను కిటికీ వాక్యం చదివాను. ఆవిడ ఏమాత్రం మొహమాటపడకుండా పూర్తిగా నిజం అన్న గడిలో టిక్కు పెట్టింది. ఏం గుర్తొచ్చింది తెయ్‌జె, అని అడిగాను. నీ లైటే, అంది. రాత్రి పదింటికల్లా నీ లైటు వెలుతురు ఎదుటి గోడమీద పడుతుంది. పడకపోతే కిటికీ దగ్గరే నిలబడతాను, పడ్డాక వెళ్ళి పడుకుంటాను, అంది. తర్వాత కాగితం తన వైపు తిప్పుకుని చూసి, ఇది మంచిదా చెడ్డదా, ఏం రాసుకుంటారు మీరు దీన్నిబట్టి, అని అడిగింది.

రెన్నర్ స్కేలు ప్రకారం ఆ టిక్కు చాటు కుతూహలం కింద పడుతుంది. ఆవిడకి అప్పుడు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు మీరు అడగండి, మైకు అటు పంపిస్తారు.